ఈస్టర్ మరునాడు వచ్చిన క్యాన్

ఈస్టర్ మరునాడు, సోమవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు కిడ్నీ డాక్టరు గదిలో కంప్యూటరు తెర మీద ఒక అంకె పడింది. గోడ గడియారం డాక్టరు తల పైనే ఉంటుంది కాబట్టి టైము నాకు కచ్చితంగా గుర్తు. అంకె చూసి డాక్టరు నవ్వాడు. ఎదురుగా కూర్చున్న తల్లి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అది భయం తీరిన ఏడుపు. ఆమె కూతురు కరుణ మాత్రం తెర వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను తలుపు పక్కన రిజిస్టరు పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆ అంకె తప్పని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. ఇద్దరమూ నోరు తెరవలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఉపయోగపడేది ఏదైనా రాయమని ల్యాబు టెక్నీషియను రజిత నన్ను ఏడాదిగా అడుగుతోంది. నేను ఎప్పుడు చేరానో, ఎప్పుడు పర్మినెంటు అయ్యానో, రిటైరైన రోజు శాలువా ఎవరు కప్పారో రాయను. అవి చదివి ఎవరూ బాగుపడరు. నాకు తెలిసిన పని గురించి, అందులో నేను చేసిన తప్పు గురించి రాస్తాను. అక్షరాలు నలభై ఏడో ఏట నేర్చుకున్నదాన్ని. వాక్యం వంకరపోతే సర్దుకొని చదవండి.

నా పని

నా పేరు మార్తమ్మ. హనుమకొండలో ఒక దవాఖానలో, కిడ్నీ విభాగంలో, ముప్పై ఏళ్లకు పైగా అటెండరుగా చేశాను. కాగితం మీద అటెండరు అని ఉన్నా నేను చేసింది మూత్రం కొలిచే పని. ఒక పగలూ ఒక రాత్రీ రోగి పోసిన మూత్రమంతా తెల్ల ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టి తెస్తారు. దాన్ని బాగా కలిపి, గీతలున్న గాజు జాడీలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో చూడాలి. చిన్న సీసాడు తీసి టెక్నీషియనుకు ఇవ్వాలి. మిగిలింది పారబోసి క్యాన్ కడిగి ఎండబెట్టాలి. రోజుకు పది, పన్నెండు క్యాన్లు. సోమవారమైతే ఇరవై.

మొదట్లో మా చుట్టాలు నా చేతి నీళ్లు తాగడానికి జంకేవాళ్లు. మా ఆడబిడ్డ ఒకసారి నా ఇంట్లోనే, నా పీట మీదే కూర్చొని అడిగింది.

"ఏం వదినె, గా చేతులతోటేనా కూర కలుపుడు?"

"లేదు, కాళ్లతోటి కలిపిన. తిను," అన్నాను.

తింది. ఆకలైతే అందరూ తింటారు.

సిగ్గుపడితే ఈ పని రాదు. వాసన నెల రోజుల్లో అలవాటవుతుంది. నడుము నొప్పి మాత్రం అలవాటు కాదు, ముందే చెబుతున్నాను.

పెద్ద డాక్టరు నేర్పింది

అప్పుడు విభాగానికి పెద్ద రామచంద్రం డాక్టరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పకపోతే తనకే ఆ విషయం తెలియనట్టు లెక్క అనుకునేవాడు. కొన్ని కిడ్నీ జబ్బులు షుగరు వల్లా రావు, బీపీ వల్లా రావు, మన ఒళ్లే తెచ్చిపెడుతుందని నాకు చెప్పింది ఆయనే.

"చూడు మార్తమ్మా, కిడ్నీ అంటే జల్లెడ. మన ఒంట్ల రోగాన్ని కొట్టేటందుకు సిపాయిలుంటరు. కొందరి ఒంట్ల ఆ సిపాయిలకు మతి చెడుతది. ఎవర్ని కొట్టాల్నో తెల్వక పోయి జల్లెడల ఇరుక్కుంటరు. జల్లెడ కండ్లు పెద్దగైతయి. ఆగాల్సిన సత్తువ, గదే ప్రోటీను, మూత్రంల పడి పోతది. నువ్వు రోజూ చూసే నురుగు గదే."

"మరి అందరికీ కిడ్నీలు పోతయా సారు?"

"గది ముందుగాల తెలిస్తే నా నెత్తి మీద ఇంకా ఎంటికలుండేటివి. ఒకరికి ముప్పై ఏండ్లైనా ఏం గాదు. ఇంకొకరికి మూడేండ్లల్ల ఖతం. మొదటి దినం చూస్తే ఇద్దరూ ఒక్క తీరుగనే కనపడుతరు."

ఈ జబ్బులో కష్టం అక్కడే ఉంది. ఎవరిది నిదానంగా పోతుంది, ఎవరిది పరుగెత్తుతుంది అన్నది ముందే కనిపెట్టాలి. పరుగెత్తేవాళ్లకు బలమైన మందులు వెంటనే ఇవ్వాలి. నిదానంగా పోయేవాళ్లకు అవే మందులు ఇస్తే మందులే చంపుతాయి. ఇది కనిపెట్టడానికి డాక్టరు చూసే నాలుగైదు సంగతుల్లో ఒకటి నా జాడీలోంచి వచ్చేది.

నురుగు చూసి జాతకం చెప్పాను

ఐదారేళ్లు గడిచాక నాకు పొగరెక్కింది. నురుగు ఎంతసేపు నిలబడుతుందో చూసి ఎవరి పని ఎప్పుడు అయిపోతుందో చెప్పగలనని అనుకున్నాను. వరండాలో రోగులు కూడా నన్నే అడిగేవాళ్లు. డాక్టరును అడగాలంటే భయం, నన్ను అడగాలంటే భయం లేదు.

వర్ధన్నపేట అవతల ఒక పల్లె నుంచి మల్లయ్య అనే రైతు వచ్చేవాడు. ఆయన క్యాన్ మూత తీస్తే బట్టలుతికిన నీళ్లలా నురుగు. ఆయన భార్య నా చేతులు పట్టుకొని అడిగింది. "ఏడాది తిరుగుడు కష్టమే వదినె," అన్నాను. ఆ మాట పట్టుకొని ఇంటికి పోయి ఆ మనిషి పొలం ఇద్దరు కొడుకులకు రాసిచ్చి, మంచం వాల్చుకొని కూర్చున్నాడు.

ఏడాది తిరిగింది. మల్లయ్య తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. డాక్టరు ఇచ్చిన మాత్రలు పనిచేశాయి. క్యాన్‌లో నురుగు సగానికి సగం తగ్గింది.

"ఏం చెల్లె, నువ్వు చెప్పిన కాడ్నుంచి ఎదురు చూస్తనే ఉన్న. యముడు గిట్ల తొవ్వ తప్పిండా ఏంది?"

"మంచిదే గదనే అన్నా, సంతోషపడు."

"ఏం సంతోషం? పొలం పంచిస్తి. ఇప్పుడు నా కొడుకులే నన్ను నాట్లకు కూలికి రమ్మంటాండ్లు."

వరండాలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపలికి పిలిచి రామచంద్రం డాక్టరు నవ్వకుండా చెప్పాడు. "నువ్వు చూసింది చెప్పు. రేపు ఏమైతదో చెప్పకు. రేపటిది చెప్పుడు నా పని. అది తప్పైతే తిట్లు నాకు పడాలె."

మల్లయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. పొలం మాత్రం తిరిగి రాలేదు. కొత్తగా వచ్చే పిల్లలూ, వరండాలో ఎవరు ఏం అడిగినా భవిష్యత్తు చెప్పకండి. మీరు ఒక్క మాట అని మరిచిపోతారు. వాళ్లు ఆ మాట మీద ఇల్లు మార్చుకుంటారు.

గురువారం ఏర్పాటు

నాకు అక్షరాలు రాని రోజుల్లో రిజిస్టరు లేదు. అంకెలు వచ్చు, జాడీ మీద గీతలు చదవగలను. ప్రతి మధ్యాహ్నం రామచంద్రం డాక్టరు ముందు నిలబడి నోటితో చెప్పేదాన్ని. "మూడో మంచం, తొమ్మిది వందలు" అంటే ఆయన రాసుకొని, తల ఎత్తకుండా "ఇంకా?" అనేవాడు. ప్రతి అంకెకూ ఒక "ఇంకా?" ఉండేది. అప్పుడు నేను చెప్పాలి: నిన్న వాళ్లింటికి చుట్టాలొచ్చారు, రెండుసార్లు క్యాన్‌లో పోయలేదట. లేదా, క్యాన్ నిండితే కిడ్నీ బాగున్నట్టు అనుకొని వాళ్ల అత్త నీళ్లు కలిపింది. ఇలాంటివి. సగం మూత్రమే పడితే, అందులో పోయిన ప్రోటీను కూడా లెక్కకు సగమే వస్తుంది. ఆ లెక్క చూసి, జబ్బు లేనివాళ్ల కింద జమకడతారు.

ఒక సంగతి ఆయనకు నేనే చెప్పాను. కిడ్నీ క్లినిక్ సోమవారం. అంటే అందరూ ఆదివారం పొద్దున మొదలుపెట్టి సోమవారం పొద్దున దాకా క్యాన్‌లో పట్టాలి. పల్లెల నుంచి వచ్చే రైతులకు, కూలివాళ్లకు ఆదివారం ఏ ఇబ్బందీ లేదు. మా చర్చివాళ్లకు ఆదివారమంటే పొద్దున పోతే మధ్యాహ్నం దాకా గుడిలోనే. తెల్ల చీర కట్టుకొని, చేతిలో బైబిలు పట్టుకొని, ఇంకో చేతిలో మూత్రం క్యాన్ ఎవరు పట్టుకొస్తారు? మా వాళ్ల క్యాన్లు ఎప్పుడూ తక్కువే వచ్చేవి. చెబితే ఆయన పెద్దగా నవ్వి, "అయితే మీ చర్చోళ్లను బుధవారం పట్టి గురువారం తెమ్మను. నేను చూస్త," అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్లు అలాగే నడిచింది. ఈ ఏర్పాటును ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆయన రిటైరై పోయాక గురువారం కూడా పోయింది.

అక్షరాలు వచ్చాయి

నలభై ఏడో ఏట మా చర్చిలో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెడితే చేరాను. నా పక్కన కూర్చున్న పిల్ల నా కూతురి ఈడుది. రెండేళ్లు పట్టింది. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి వాక్యం మా ల్యాబు బయట గోడ మీద ఉంది: "ఇక్కడ క్యాన్లు పెట్టరాదు." ఇరవై ఏళ్లుగా నేను క్యాన్లు పెడుతున్న చోటు అదే.

కొన్నాళ్లకు శ్రీధర్ డాక్టరు వచ్చాడు. మంచి డాక్టరు. రోగిని విసుక్కోడు, టైముకు వస్తాడు. ఆయన మీద నేరం మోపడానికి ఇది రాయడం లేదు. కంప్యూటరులో ఒక లెక్క తెచ్చింది ఆయనే. రోగి వయసు, బీపీ, కిడ్నీ ఎంత పనిచేస్తోంది, రోజుకు మూత్రంలో ఎంత ప్రోటీను పోతోంది, సూదితో తీసిన కిడ్నీ ముక్కలో ఏం కనబడింది, ఇవన్నీ కొడితే, ఐదేళ్లలో ఆ కిడ్నీలు పాడయ్యే అవకాశం నూటికి ఎంతో తెర మీద పడుతుంది. నేను నురుగు చూసి చెప్పిన జాతకం కంటే ఆ లెక్క వెయ్యి రెట్లు మేలు. దానికి దురుద్దేశం ఉండదు. మనం ఏం పోస్తే అదే కలిపి ఇస్తుంది.

రిజిస్టరు కూడా ఆయనే పెట్టించాడు. పేరు, నంబరు, మిల్లీలీటర్లు, చివర రిమార్కులు అనే గడి. మొదటి వారం పాత అలవాటు కొద్దీ మధ్యాహ్నం ఆయన ముందు నిలబడి చెప్పబోయాను. పక్కన హౌస్ సర్జన్లు ఉన్నారు.

"అమ్మా, రిజిస్టర్లో రాశారు కదా?"

"రాసిన సారు."

"మరి మళ్లీ ఎందుకు చెప్తున్నారు?"

ఒకరిద్దరు నవ్వారు. ఆయన తిట్టలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నేను ఆ రోజు నుంచి చెప్పడం మానేశాను. రాశాక ఇక నా బాధ్యత తీరిందనుకున్నాను. గుండ్రంగా, గీత దాటకుండా రాసేదాన్ని. హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టరు చూసి చేతిరాత బాగుందన్నారు. ఆ మాట ఇంటికి పోయి నలుగురికి చెప్పుకున్నాను. రిమార్కుల గడి చాలావరకు ఖాళీగానే ఉండేది. ఆ సంగతి వాళ్లూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు.

గుడి వెనక లైను

కరుణ కాజీపేటలో మా చర్చి పిల్ల. అప్పుడు ఇరవై మూడేళ్లు. తండ్రి దావీదు రైల్వేలో ట్రాక్ పని. తల్లి అన్నమ్మ నన్ను అక్కా అంటుంది, పిల్ల పెద్దమ్మా అంటుంది. కరుణ చిన్నపిల్లల బడిలో టీచరు, ఆదివారం పాటల గుంపులో ముందు వరుస. గొంతు నొప్పి వచ్చిన రెండో రోజు మూత్రం చాయ్ రంగులో వచ్చింది. మా దవాఖానకు నేనే తీసుకొచ్చాను. కిడ్నీ ముక్క తీసి చూస్తే ఈ సిపాయిల జబ్బే అని తేలింది.

శ్రీధర్ డాక్టరు స్పష్టంగా చెప్పాడు. రోజుకు పోయే ప్రోటీను ఎక్కువుంటే స్టెరాయిడ్ మాత్రలు ఆర్నెల్ల పైన వాడాలి. తక్కువుంటే బీపీ మాత్ర ఒక్కటి చాలు, కనిపెట్టుకొని ఉండొచ్చు. ఏ దారి అన్నది ఆ ఒక్క క్యాన్ మీద ఆధారపడింది. అన్నమ్మకు స్టెరాయిడ్ అంటే వణుకు. "మొఖం ఉబ్బుతదట గదక్కా, ఎముకలు గుల్లగైతయట గదా," అని నా చుట్టూ తిరిగింది.

శనివారం క్యాన్ నా చేత్తోనే ఇచ్చాను. "రేపు పొద్దుగాల మొదటిది పారబోసి, ఆడికెల్లి ప్రతి చుక్క ఇండ్ల పొయ్యి బిడ్డా," అన్నాను. రేపు ఈస్టర్ అన్న సంగతి ఆ నిమిషంలో నాకూ తట్టలేదు, దానికీ తట్టలేదు.

ఈస్టర్ నాడు మా వాళ్లు తెల్లవారకముందే సమాధుల తోటకు పోతారు. కొవ్వొత్తులు పెట్టి, పాటలు పాడి, అక్కడి నుంచి నేరుగా గుడికి. ఆరాధన ఒంటిగంట దాకా, తర్వాత అందరికీ అక్కడే భోజనాలు. ఎండ దంచుతోంది. మజ్జిగ మీద మజ్జిగ తాగుతున్నారు. భోజనాల ముందు గుడి వెనక బాత్రూం దగ్గర ఆడవాళ్ల లైనులో నా ముందు నిలబడింది కరుణే.

"అవునే, క్యాన్ ఏది?"

అది చుట్టూ చూసి నా చెవిలో అంది. "ఊకో పెద్దమ్మా. గుడికి క్యాన్ పట్టుకొస్తరా ఎవరన్న? జర సప్పుడు చెయ్యకు."

"పొద్దుగాల నుంచి ఎన్నిసార్లు పోయినవే?"

"లెక్క పెట్టుకుంటరా? మూడో, నాలుగో."

"అయితే రేపు వద్దు. ఇంకో దినం పట్టుకొని రా."

"అమ్మ ఇంటదా? రేపు రిపోర్టు చూపియ్యకుంటే ఆమె నన్ను సంపుతది. నువ్వే సారుకు చెప్పరాదూ, సగమే పట్టినమని. నాకు మొగోళ్ల ముందట చెప్పనీకి సిగ్గైతది."

"సరే, నేను చెప్త. పో ముందుకు, లైను జరుగుతాంది."

అలా మాట ఇచ్చాను.

సోమవారం

పొద్దున ఎనిమిదిన్నరకు క్యాన్ వచ్చింది. జాడీలో పోశాను. ఏడు వందలు. సాయంత్రం ఇంటికి పోయాక పోసినదీ, పొద్దుటిదీ అన్నమాట. పేరు రాశాను. ఏడు, సున్నా, సున్నా రాశాను. రిమార్కుల గడి దగ్గర పెన్ను ఆగింది. "సగమే" అని రాస్తే చాలు. ఆ మూడక్షరాలు నాకు వచ్చు. రాస్తే, మీకు తెలిసి కూడా క్యాన్ ఎందుకు తీసుకున్నారని అడుగుతారేమో అనిపించింది. నోటితో చెబుదాంలే అనుకొని గడి వదిలేశాను.

రజిత సీసా తీసుకుంటూ, "ఏడొందలేనా ఆంటీ?" అంది. నేను జవాబు చెప్పేలోపే తనే, "ఎండలు గట్లున్నయి మరి," అంటూ పోయింది.

మూత్రం పూర్తిగా పట్టారో లేదో తేల్చే పరీక్ష ఒకటి ఉంది. క్రియాటినిన్ అనే మలినం ఒక మనిషికి రోజూ దాదాపు ఒకే కొలతలో మూత్రంలో పడుతుంది, అది ఎంత పడిందో చూస్తే దొరికిపోతుంది. ఆ రోజు చీటీ మీద ప్రోటీను ఒక్కటే రాసి ఉంది. అది ఒక్కటే చేశారు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు రజిత రిపోర్టు తెచ్చి డాక్టరుకు ఇచ్చి, అక్కడే నిలబడింది. రిజిస్టరు తెమ్మంటే నేను వెళ్లాను. హౌస్ సర్జన్లు ఇమ్రాన్, స్వప్న కిటికీ వైపు నిలబడి ఉన్నారు.

శ్రీధర్ డాక్టరు రిజిస్టరు చూసి అన్నాడు. "వాల్యూమ్ తక్కువుంది. మొత్తం పట్టారు కదా?"

అన్నమ్మ వెంటనే అందుకుంది. "పట్టింది సారు. శనారమే క్యాన్ తెచ్చుకున్నది. నా బిడ్డ చెప్పినట్టు ఇంటది."

కరుణ నా వైపు చూసింది.

డాక్టరు కంప్యూటరులో కొట్టాడు. అంకె పడింది. చాలా చిన్న అంకె. "గుడ్. ఐదేళ్లలో పెద్ద ప్రమాదం కనిపించట్లేదు. స్టెరాయిడ్స్ అవసరం లేదు," అన్నాడు. అన్నమ్మ ఏడ్చింది. నా నోట్లో మాట ఉంది. హౌస్ సర్జన్ల ముందు మళ్లీ "ఎందుకు చెప్తున్నారు" అంటాడేమో అని ఒక జంకు. అన్నమ్మ సంతోషం చెడగొట్టడమెందుకని ఇంకో జంకు. తర్వాతి పరీక్షలో ఎలాగూ తేలుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్న అబద్ధం ఒకటి. ఈ మూడూ కలిసి అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాతి రోగిని పిలిచారు.

బయటికి వచ్చాక అన్నమ్మ నా రెండు చేతులు పట్టుకొని, "దేవుడు చల్లగ చూసిండక్కా," అంది. కరుణ చెప్పులు వేసుకుంటోంది. "చెప్తనంటివి గద పెద్దమ్మా," అంది మెల్లగా. "మల్ల వచ్చినప్పుడు మంచిగ పట్టుకొద్దువు తియ్యి, ఏం ఫికర్ లేదు," అన్నాను.

తర్వాత

మూడు నెలలకు రావాల్సిన పిల్లను డాక్టరు ఆర్నెల్లకు రమ్మన్నాడు. అంకె చిన్నది కదా. జూన్‌లో దానికి డోర్నకల్‌లో బడి ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లు దాటినా రాలేదు. నేను ఆదివారాలు అన్నమ్మను అడిగేదాన్ని. "మంచిగున్నదక్కా, ఏం లేదు," అనేది. క్రిస్మస్ పాటలకు ఇంటికి వచ్చినప్పుడు చూశాను. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. కళ్ల కింద ఉబ్బు. మరునాడే లాక్కొచ్చాను. కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగేది ఆ క్రియాటినినే, అది మూడింతలైంది. మళ్లీ కిడ్నీ ముక్క తీస్తే సగానికి పైగా మచ్చలే. అప్పుడు స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. నిమోనియా వచ్చి ఆపేశారు. ఏడాది తిరిగేసరికి డయాలిసిస్.

రెండో రిపోర్టు వచ్చిన రోజు శ్రీధర్ డాక్టరు గదిలోకి వెళ్లి తలుపు వేశాను. ఈస్టర్ సంగతి, బాత్రూం లైను సంగతి, ఖాళీ గడి సంగతి అన్నీ చెప్పాను.

"తక్కువుందని నాకు కనబడింది. మళ్లీ పట్టుకురమ్మనాల్సింది నేను," అన్నాడు. తర్వాత, "అప్పుడే మందులు మొదలుపెట్టినా ఆగేదని చెప్పలేను. ఆగదనీ చెప్పలేను," అన్నాడు.

ఆ రెండో మాటను నేను చాలా రోజులు కప్పుకొని పడుకోవాలని చూశాను. పట్టలేదు. ఆగేదో లేదో ఎవరికీ తెలియదు, నిజమే. తెలుసుకునే అవకాశం మాత్రం మేం పారబోశాం.

మరుసటి వారం నుంచి రిమార్కుల గడి నింపకుండా రిజిస్టరు ముందుకు పోలేదు. చర్చివాళ్లకు గురువారం అని శ్రీధర్ డాక్టరు గోడ మీద రాయించాడు. ఇప్పుడైతే క్యాన్లే తగ్గిపోయాయి. పొద్దున ఒక చిన్న సీసా పట్టి అందులోనే ప్రోటీను, క్రియాటినిన్ రెండు లెక్కలూ చూస్తున్నారు. మంచిదే. నా నడుము ఉండగా వచ్చి ఉంటే ఇంకా మంచిది.

కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పేది ఇంతే. యంత్రం మీద కోపం పెట్టుకోకండి, దాన్ని దేవుణ్నీ చేయకండి. అంకె వెనక ఒక మనిషి ఆదివారం ఎక్కడికి పోయాడో యంత్రానికి తెలియదు, మీకు తెలుస్తుంది. పెద్దవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఎవరి ముందో ఒకసారి నవ్వులపాలైతే రెండు రోజులు మండుతుంది, తర్వాత చల్లారుతుంది. చెప్పకపోతే చల్లారదు. నాకు అరవై ఐదు దాటాయి, ఇంకా చల్లారలేదు. రాయడం వచ్చినంత మాత్రాన చెప్పినట్టు కాదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ మాట రాయడానికి కూడా ఒళ్లు అలసిపోతోంది.

కరుణ అన్నది

కరుణకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. డోర్నకల్ నుంచి కాజీపేటకు ప్యాసింజర్ బండి ఎక్కి వస్తుంది. కిడ్నీ ఇవ్వడానికి దావీదుకు పరీక్షలు జరుగుతున్నాయి, ఇంకా తేలలేదు. నాలుగు గంటలు మిషను పక్కన కూర్చోవాలి కాబట్టి నేను పోయి కూర్చుంటాను. పాటల గుంపు సంగతులు అడుగుతుంది, ఎవరి గొంతు పోయిందో చెబితే నవ్వుతుంది. పోయిన వారం ఇదంతా రాస్తున్నానని చెప్పాను.

"నా పేరు పెడ్తవా?"

"వద్దంటే పెట్టను."

"పెట్టు. నీ ఒక్కదాని పేరే పెట్టుకొని తప్పంత నేనే చేసిన అని ఏడ్వకు మల్ల. నాకు నోరు లేదా? నేనుగూడ ఆడనే కూసున్న గదా. అమ్మ ముందుగాల గుళ్లెకెల్లి ఇంటికి పోయిందా, నాతోనే ఉన్నది గదా. ఆమెకు తట్టలే. గా సారు అడిగి ఊకున్నడు. అందరి పేర్లు రాయి."

"అన్నమ్మ బాధపడుతదే."

"పడనియ్యి. మిషను కాడ పండుకునేది నేను. రాయి పెద్దమ్మా."

నర్సు వచ్చి మిషను గంట ఆపింది. కరుణ కళ్లు మూసుకుంది. ఇంటికి వచ్చి రాస్తున్నాను.

ఆ సోమవారం పన్నెండు పదికి ఆ గదిలో ఉన్నవాళ్లు: డాక్టరు శ్రీధర్. హౌస్ సర్జన్లు ఇమ్రాన్, స్వప్న. టెక్నీషియను రజిత. తల్లి అన్నమ్మ. కరుణ. తలుపు పక్కన, రిజిస్టరు పట్టుకొని, మార్తమ్మ.